అమెరికా నుంచి తెలుగు బడికి

మన పిల్లలు పైచదువులకు అమెరికా వెళ్ళడం ఇంటింటి కథ. అక్కడి నుంచి పరిశోధన కోసం పల్నాడుకూ ఓరుగల్లుకూ కూచిపూడికీ వచ్చిన విద్యార్థుల సంగతి చాలామందికి తెలియదు. అరవై ఏళ్ళకు పైగా సాగుతున్న ఈ రాకపోకలు మన చరిత్రకు, సాహిత్యానికి ఎంతో ఇచ్చాయి. ఆ దారి ఇప్పుడు ఇరుకవుతోంది.

1970లలో జీన్ రోగేర్ అనే అమెరికా పరిశోధక విద్యార్థి పల్నాడుకు వచ్చారు. పల్నాటి వీరుల గురించి శ్రీనాథుడి పేరుమీద ఉన్న ద్విపద కావ్యం అప్పటికే అచ్చులో ఉంది. ఆయన వెతుక్కుంటూ వచ్చింది మాత్రం జనం నోట ఉన్న కథను. నాగులేటి ఒడ్డున కారంపూడిలో ఏటా కార్తికంలో వీరుల పండుగ జరుగుతుంది. ఆ వీరుల కథను వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతున్నారు. అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడుతుంటే రోగేర్ టేపులకెక్కించారు. పాటను అక్షరాల్లోకి దించి, ఇంగ్లిషులోకి తెచ్చి, ఆ కథను కొలిచే ఊళ్ళ గురించీ మనుషుల గురించీ వివరంగా రాశారు. ఆ కృషి 1982లో ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ పేరుతో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకమై వచ్చింది. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కన్నమదాసుల కథ ప్రపంచ మౌఖిక వీరగాథల సరసన చర్చకు రావడానికి ఆ పుస్తకం దారి వేసింది.

ఆయనలాగే ఇంకొందరు వచ్చారు. ఒకరు కాకతీయుల శాసనాల కోసం, ఒకరు విజయనగరం నాటి వచన గ్రంథం కోసం, ఒకరు భాషోద్యమ జ్ఞాపకాల కోసం, మరొకరు కూచిపూడి వేషం కోసం. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో తెలుగు రాష్ట్రాల వాటా చాలా పెద్దది. ఆ అంకె పక్కన ఇటు వచ్చేవారి సంఖ్య కంటికి కూడా ఆనదు. అయినా ఈ కొద్దిమంది రాక మనకు చాలా అవసరం. మన భాషను కష్టపడి నేర్చుకుని, మనం అడగడం మానేసిన ప్రశ్నలు అడిగేవాళ్ళు వీళ్ళు.

గోధుమల డబ్బు, తెలుగు పుస్తకాలు

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించింది. అమెరికా ఉలిక్కిపడింది. సైన్సు చదువులతో పాటు పరదేశాల భాషల్లోనూ తాము వెనకబడి ఉన్నామని గ్రహించి, మరుసటి ఏడే జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చింది. అందులోని ఆరో భాగం, ‘టైటిల్ సిక్స్’, విశ్వవిద్యాలయాల్లో ప్రపంచ భాషలు నేర్పడానికి నిధులిచ్చింది. రక్షణ అవసరం కోసం పుట్టిన ఆ చట్టం పుణ్యమా అని తెలుగుకు కూడా అమెరికా తరగతి గదిలో చోటు దొరికింది.

చోటు ఉంటే చాలదు, పుస్తకాలు కావాలి. అవి వచ్చిన దారి మరీ ఆసక్తికరమైనది. పీఎల్-480 గోధుమలు పెద్దవాళ్ళకు ఇంకా గుర్తే. 1954 నాటి ఆ చట్టం కింద అమెరికా పంపిన ధాన్యానికి మన ప్రభుత్వం రూపాయల్లో చెల్లించింది. ఆ నిధిలో కొంత సొమ్ముతో 1962 నుంచి ‘లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్’ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. మన దగ్గర అచ్చయిన నవలలు, కవితా సంపుటాలు, పత్రికలు అలా షికాగోకూ మాడిసన్‌కూ చేరాయి. ఇక్కడ ఎక్కడా దొరకని పాత తెలుగు పుస్తకం ఒక్కోసారి అక్కడి అలమరాలో భద్రంగా కనిపించడానికి కారణం ఇదే.

మనుషులు రావడానికి కూడా ఏర్పాట్లు జరిగాయి. ఫుల్‌బ్రైట్ పథకం మీద రెండు దేశాల మధ్య ఒప్పందం 1950లో కుదిరింది. 2008లో కొత్త ఒప్పందంతో దానికి నెహ్రూ పేరు కూడా తోడైంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సంస్కృత ఆచార్యుడు డబ్ల్యు. నార్మన్ బ్రౌన్ చొరవతో 1961లో ‘అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్’ ఏర్పడింది. అక్కడి అనేక విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే ఈ సంస్థ హైదరాబాదులో తెలుగు నేర్పుతుంది, పరిశోధకులకు ఫెలోషిప్పులూ ఇస్తుంది. 1963లో భాషాశాస్త్రవేత్త లీ లిస్కర్ అమెరికన్ల కోసం వాడుక తెలుగు వాచకం రాశారు. 1971లో వెల్చేరు నారాయణరావు మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఏలూరులో పాఠాలు చెప్పిన మాస్టారు అక్కడ చేరాక మాడిసన్ తెలుగు చదువులకు పెద్ద కేంద్రమైంది.

మూడు తెలుగులు నేర్వాలి

అమెరికాలో చరిత్ర, సాహిత్యం, మతం, మానవశాస్త్రం లాంటి విభాగాల్లో పీహెచ్‌డీ అంటే ఆరేడేళ్ళు పట్టే పని. మొదటి రెండు మూడేళ్ళు తరగతులు. ఆ తర్వాత సమగ్ర పరీక్షలు. అవి గట్టెక్కాకే సొంత పరిశోధన. సాధారణంగా విశ్వవిద్యాలయం ఫీజు మాఫీ చేసి నెలనెలా భృతి ఇస్తుంది. దానికి బదులుగా డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పాలి, పేపర్లు దిద్దాలి. ఈ పరుగులోనే తెలుగు కూడా నేర్చుకోవాలి. ఏడాది పొడవునా అక్కడి తరగతి, వేసవిలో ప్రత్యేక శిక్షణ, ఆ పైన హైదరాబాదు.

ఇరవై అయిదేళ్ళు దాటాక కొత్త భాషకు నోరు తిప్పుకోవడం తేలిక కాదు. ‘త’కూ ‘ట’కూ, ‘ల’కూ ‘ళ’కూ తేడా ముందు చెవికి అందాలి, తర్వాత నాలుకకు. ఎప్పుడు ‘మనం’ అనాలో ఎప్పుడు ‘మేము’ అనాలో, ఎవరిని ‘మీరు’ అనాలో తెలియాలి. వాచకంలోని తెలుగు వచ్చిందనుకునేసరికి పత్రికల తెలుగు వేరేగా ఉంటుంది. బజారులోకి వెళితే అక్కడ మాట్లాడే తెలుగు మూడో రకం. నల్లగొండ మాట నెల్లూరులో వినపడదు, శ్రీకాకుళం యాస అనంతపురంలో ఉండదు. ప్రాచీన కావ్యం మీద పనిచేసేవారికి ఇవన్నీ చాలవు. గ్రాంథిక వ్యాకరణం, ఛందస్సు, సంస్కృతం కూడా కావాలి. శాసనాలు చదవాలంటే పాత లిపి నేర్వాలి. నిజాం నాటి హైదరాబాదు మీద పరిశోధన అయితే ఉర్దూ, పారశీకం తప్పవు. హైదరాబాదు కాయస్థుల మీద 1978లో పుస్తకం తెచ్చిన కరెన్ లియొనార్డ్ ఆ దారిలో నడిచినవారే.

నగరంలో ఇంకో చిక్కు ఎదురవుతుంది. విద్యార్థి కూడబలుక్కుని తెలుగులో అడిగితే దుకాణదారు ఇంగ్లిషులో జవాబిస్తాడు. పక్కింటివారు తమ పిల్లల ఇంగ్లిషు మెరుగుపడుతుందని ఆశపడతారు. అది మర్యాదే, అభిమానమే. కానీ భాష కోసం పదమూడు వేల కిలోమీటర్లు వచ్చిన మనిషికి ఆ భాష వినే అవకాశమే తగ్గిపోతుంది. అందుకే చాలామందికి తెలుగు నిజంగా పట్టుబడేది చిన్న ఊళ్ళలో, ఇంగ్లిషు తెలియని అమ్మమ్మల అరుగుల మీద, పల్లె బస్సుల్లో.

పరిశోధక విద్యార్థి ఏడాది

ఫుల్‌బ్రైట్-నెహ్రూ విద్యార్థికి సాధారణంగా దొరికేది తొమ్మిది నెలలు. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే జూనియర్ ఫెలోషిప్ గరిష్ఠంగా పదకొండు నెలలు. ఆ కొద్దికాలం కోసం సన్నాహాలే ఏడాదికి పైగా సాగుతాయి. ఇక్కడి విశ్వవిద్యాలయం ఒకటి అనుబంధ పత్రం ఇవ్వాలి. మన ప్రభుత్వం పరిశోధనాంశాన్ని ఆమోదించాలి. ఆపైన పరిశోధన వీసా. వీసా గడువు ఆరు నెలలు దాటితే వచ్చిన 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. ఇల్లు అద్దెకిచ్చే యజమాని కూడా ఒక ఫారం నింపి సమాచారం ఇవ్వాలి. ఆ కాగితాల బెడద ఎందుకని కొందరు యజమానులు ముందే వద్దంటారు. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లకు ఇల్లు దొరకడం మరీ కష్టం.

గూడు కుదిరాక అసలు పని మొదలవుతుంది. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, కోఠిలో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వీరికి బాగా తెలిసిన చిరునామాలు. మెకంజీ, బ్రౌన్ సేకరణలు ఉన్న చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికీ, నాయక రాజుల నాటి తెలుగు కావ్యాలను దాచిన తంజావూరు సరస్వతీ మహల్‌కూ వెళ్ళక తప్పదు. ఒక్కో చోట ఒక్కో నిబంధన. కొన్నిచోట్ల ఫొటో తీయనివ్వరు, కాబట్టి పెన్సిలుతో ఎత్తి రాసుకోవాలి. అనుమతి పత్రం మీద సంతకం చేయాల్సిన అధికారి సెలవులో ఉంటే వారం పోతుంది. తాటాకు మీద అక్షరాల మధ్య విరామం ఉండదు, ఏ మాట ఎక్కడ ముగిసిందో ఊహించి విడదీయాలి. రోజంతా కూర్చుంటే రెండు ఆకులు సాగడం గొప్ప.

ఊళ్ళలో పనిచేసేవారి కష్టం మరో రకం. మనుషులను కలవాలంటే వాళ్ళ పనిపాటల వేళలు తెలియాలి. నాట్ల రోజుల్లో ఎవరూ మాట్లాడరు. జాతరకు ముందు ఎవరికీ తీరిక ఉండదు. ‘పెళ్ళయిందా?’, ‘మీ అమ్మానాన్నలు ఏం చేస్తారు?’ అన్న ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పాకే తన ప్రశ్న అడిగే వంతు వస్తుంది. ఆ ప్రశ్నలు వేసినవాళ్ళే తర్వాత భోజనానికి పిలుస్తారు, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళతారు. కొన్ని నెలలకు ఆ విద్యార్థి ఒకరికి ‘అమ్మాయి’, మరొకరికి ‘అక్క’ అవుతుంది. కొన్ని సంగతులు ఆ వరస కుదిరాకే బయటికి వస్తాయి.

పేరు పుస్తకంలో చివర, పని అన్నిటికంటే ముందు

ఈ కథలో మనం గుర్తుపెట్టుకోవాల్సినవారు మరికొందరు ఉన్నారు. వారు మన తెలుగు మాస్టార్లు. విశ్రాంత పండితులు, కళాశాల అధ్యాపకులు, గ్రంథాలయ ఉద్యోగులు, పాటగాళ్ళు. ఒక ప్రబంధ పద్యాన్ని విదేశీ విద్యార్థికి చెప్పాలంటే ముందు పదాలు విడదీయాలి. అన్వయం కుదర్చాలి. ప్రతిపదార్థం చెప్పాలి. శ్లేష ఉంటే రెండో అర్థం విప్పాలి. ఆ తర్వాత తాత్పర్యం. చివర రాగయుక్తంగా చదివి వినిపించాలి. ఒక్క పద్యానికి గంట పడుతుంది. అయినా అర్థం కాలేదంటే మళ్ళీ మొదటికి రావాలి. తన చిన్ననాడు గురువు చెప్పిన పద్ధతిలోనే ఆ మాస్టారు చెబుతారు.

అమెరికా విశ్వవిద్యాలయాల ముద్రణాలయాలు తెచ్చిన తెలుగు పరిశోధనా గ్రంథాల్లో కృతజ్ఞతల పేజీ తెరిస్తే ఇలాంటి పేర్లు వరసగా కనిపిస్తాయి. విజయవాడ, తిరుపతి, హైదరాబాదు, గుంటూరు వీధుల్లో బతికి వెళ్ళిపోయిన గురువుల పేర్లవి. వారి జ్ఞానం లేకపోతే ఆ పుస్తకాల్లో ఒక్కటీ లేదు. మన విశ్వవిద్యాలయాల్లో సంప్రదాయ సాహిత్యం అలా విడమరచి చెప్పగలవారి సంఖ్య ఏటా తగ్గుతోంది. ఆ నష్టం విదేశీ విద్యార్థి కంటే ముందు మన పిల్లలకే తగులుతోంది.

వాళ్ళు మనకు చూపించినవి

ఇంత శ్రమ పడి ఈ విద్యార్థులు తెలుసుకున్నదేమిటి? కొన్ని ఉదాహరణలు చూస్తే చాలు.

రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ లండన్‌లో డాక్టరేట్ చేసి, 1965లో గుంటూరు జిల్లా చరిత్ర ప్రచురించారు. 1788 నుంచి 1848 దాకా కంపెనీ కలెక్టర్లు పేరుకు పాలిస్తుంటే, కచేరీ సిబ్బంది, గ్రామ పెద్దలు కలిసి ఆ అధికారాన్ని లోపలి నుంచి ఎలా గుల్ల చేశారో దస్త్రాల సాక్షిగా చూపారు. వలస పాలన పైనుంచి కిందికి నడిచిందన్న అభిప్రాయాన్ని ఆ పుస్తకం కదిలించింది.

సింథియా టాల్బట్ కాకతీయుల నాటి శాసనాలను ఒక్కొక్కటిగా కూర్చి చదివారు. మధ్యయుగపు ఊరు కదలిక లేని లోకమని, కులం పుట్టుకతోనే రాసిపెట్టిన గీత అని చాలాకాలం చెప్పుకున్నారు. ఆమె చదివిన శాసనాలు వేరే సంగతి చెప్పాయి. మెట్ట ప్రాంతాల్లో చెరువులు తవ్వుకుంటూ కొత్త ఊళ్ళు వెలిశాయి. యోధులు చోటు మారి, హోదా పెంచుకున్నారు. పేరు చివరి బిరుదులు మనిషి చేసిన పనిని, సంపాదించిన గౌరవాన్ని చెప్పాయి. ఆ కృషి 2001లో పుస్తకంగా వచ్చింది. ఇప్పుడు కాకతీయుల గురించి ఎవరు రాసినా దానిని దాటి పోలేరు.

ఫిలిప్ వాగనర్ 1993లో ‘రాయవాచకము’ను అనువదించారు. కృష్ణదేవరాయల కొలువులోని మాటలన్నట్టు సాగే ఆ గ్రంథం నిజానికి 1600 ప్రాంతంలో మదురై నాయకుల నాటిదని వాదించారు. గతించిన మహానగరాన్ని తర్వాతి తరం ఎలా తలచుకుందో దానివల్ల తెలిసింది. విజయనగర రాజులు కొలువులో ధరించిన కుళ్ళాయి, కబాయి ఇస్లామిక్ ప్రపంచపు రాజోచిత వేషమని మరో వ్యాసంలో వివరించారు. విజయనగరానికీ సుల్తానులకూ మధ్య యుద్ధం తప్ప మరేమీ లేదనుకునేవారు ఆలోచించాల్సిన సాక్ష్యం అది.

లీసా మిచెల్ ‘మాతృభాష’ పట్ల మన ఆవేశానికి కూడా ఒక చరిత్ర ఉందని 2009 నాటి తన పుస్తకంలో చూపారు. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు మరణించిన మర్నాడు నెల్లూరు రైల్వే స్టేషన్లో పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు. వాళ్ళెవరు, ఆ రోజు అక్కడికి ఎందుకు వచ్చారు అని ఆమె ఆరా తీశారు. అమరుల జాబితాలో పేరుగా మిగిలినవారిని మళ్ళీ మనుషులుగా మన ముందు నిలిపారు. రాష్ట్రాల కోసం, భాష కోసం ఇన్ని ఉద్యమాలు చేసిన మనం ఆ ప్రశ్న ముందే అడిగి ఉండాల్సింది.

పేరు మనది, పాస్‌పోర్టు అక్కడిది

ఇటీవలి దశకాల్లో వస్తున్నవారిలో అమెరికాలో పుట్టిపెరిగిన తెలుగువారి పిల్లలు కూడా ఉన్నారు. కూచిపూడి అగ్రహారంలో మగవారు కట్టే సత్యభామ వేషం మీద 2019లో పుస్తకం రాసిన హర్షిత కామత్, ఆ తర్వాత నారాయణరావుతో కలిసి నంది తిమ్మన పారిజాతాపహరణాన్ని ఇంగ్లిషులోకి తెచ్చారు. అది 2022లో మూర్తి క్లాసికల్ లైబ్రరీ సంపుటంగా వెలువడింది.

ఇలాంటి విద్యార్థుల అనుభవం వేరు. తెల్లజాతి విద్యార్థి రెండు ముక్కలు తెలుగు మాట్లాడితే ఊరంతా మెచ్చుకుంటుంది. తెలుగు పేరున్న విద్యార్థి పది వాక్యాలు తప్పులేకుండా మాట్లాడి పదకొండో వాక్యంలో తడబడితే ‘ఇంట్లో నేర్పలేదా?’ అని నిలదీస్తారు. ఇంటి తెలుగు వంటగది దాకా వస్తుంది కానీ వసుచరిత్ర దాకా రాదు. వారూ అందరిలాగే అక్షరాలతో మొదలుపెట్టి చదివినవారే. భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవారు ఎప్పుడైనా రావచ్చు, కానీ 2021 మార్చి నాటి నోటిఫికేషన్ ప్రకారం పరిశోధన చేయాలంటే వారికి కూడా ప్రత్యేక అనుమతి కావాలి. వాళ్ళ తాతల ఊరికే వచ్చినా వాళ్ళు రెండు దేశాల కాగితాల మధ్య నడవాల్సిందే.

దారి మూసుకుపోకూడదు

2025లో అమెరికా విద్యాశాఖ ఫుల్‌బ్రైట్-హేస్ డాక్టరల్ పరిశోధన పోటీని రద్దు చేసింది. సిద్ధాంత వ్యాసం కోసం పరదేశానికి వెళ్ళే విద్యార్థులకు 1960ల నుంచి అండగా ఉన్న పథకం అది. అదే ఏడాది టైటిల్ సిక్స్ నిధులు కూడా ఆగిపోయాయి. హిందీ, చైనీస్ లాంటి భాషలకు విద్యార్థులు ఎక్కువ కాబట్టి ఎలాగో నెట్టుకొస్తాయి. పట్టుమని పదిమంది లేని తెలుగు తరగతిని ఏ విశ్వవిద్యాలయమైనా ముందుగా మూసేస్తుంది. ఒకసారి మూసిన తరగతిని మళ్ళీ తెరిపించడం చాలా కష్టం. గురువు వెళ్ళిపోతాడు, పుస్తకాలు కొనడం ఆగుతుంది, ఆ విషయం మీద పరిశోధన చేయాలనుకున్న విద్యార్థి మరో భాషవైపు మళ్ళుతాడు.

అమెరికాలో ఇప్పుడు తెలుగు మాట్లాడేవారు లక్షల్లో ఉన్నారు. గుళ్ళు కట్టుకున్నారు, సంఘాలు పెట్టుకున్నారు, మహాసభలు ఘనంగా జరుపుకుంటున్నారు. ఆ శక్తిలో కొంత విశ్వవిద్యాలయాల వైపు మళ్ళితే ఎంత మేలు జరుగుతుందో ఎమరీ విశ్వవిద్యాలయం చూపించింది. అక్కడ కొప్పాక విశ్వేశ్వరరావు, సీత పేరిట తెలుగు సాహిత్యం, సంస్కృతి, చరిత్రల ఆచార్య పదవి ఏర్పడింది. శాశ్వత నిధితో నడిచే పదవిని ప్రభుత్వం మారినప్పుడల్లా కదిలించలేరు. అలాంటిది ఒక్కటి చాలదు.

ఇక్కడ చేయాల్సినవి కూడా ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వాలు అభిలేఖాగారాలను బాగుచేసి, తాళపత్రాలను స్కాన్ చేసి అందరికీ తెరవాలి. విశ్వవిద్యాలయాలు అనుబంధ పత్రాన్ని నెలల తరబడి నాన్చకుండా ఇవ్వాలి. సంప్రదాయ సాహిత్యం చెప్పగల పండితులకు గౌరవ వేతనం మీద పాఠాలు చెప్పే వీలు కల్పించాలి. వీటన్నిటివల్ల మన పిల్లలకే మొదట లాభం. ఇక మనలో ప్రతి ఒక్కరూ పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. తెలుగు నేర్చుకుంటున్న మనిషి తెలుగులో పలకరిస్తే, ఎంత తడబడినా ఓపిక పట్టి, తెలుగులోనే బదులివ్వడం.

వాళ్ళ ప్రభుత్వం డబ్బుతో, మన మాస్టార్ల ఓపికతో ఇన్నాళ్ళూ ఈ పని జరిగింది. ఇప్పుడు ఆ డబ్బు మీద భరోసా తగ్గింది, ఆ మాస్టార్లు తరిగిపోతున్నారు. తెలుగు చదవాలన్న కోరికతో ఒక విద్యార్థి అంత దూరం నుంచి బయలుదేరితే, చెప్పేవారు లేకనో చేతిలో డబ్బు లేకనో ఆ ప్రయాణం ఆగిపోకుండా చూసే బాధ్యత ఇక తెలుగువారిది.